లాభం

ఉప్పు నిండుకోకుండానే
ఉప్పుకి పంపేది మా అమ్మ.

పర్లాకిమిడి బజారులో, గోనెసంచుల పక్కన,
నౌపడా నుంచి చిన్నబండిలో దిగిన ఉప్పురాశి ముందు
బమ్మిడి వైకుంఠం కుంచం ముంచి
మొదటి కొలతకి "లాభం" అనేవాడు.
ఒకటి అనకూడదు కదా, లాభం అనాలి.
అందరూ అంటారు. ఆయన అనడం వేరు.
"లా" దగ్గర బజారు నెమ్మదించేది.
"భం" అనేసరికి బండికి కట్టిన ఎద్దులు
నెమరు ఆపేవి.
"రెండు" దగ్గరికి మళ్ళీ మామూలు మనిషే,
మోచేతుల దాకా ఉప్పు పూత, చంకల్లో చెమట.

అమ్మ సంచి అందుకుని ముందు అడిగేది:
"ఇవాళ గొంతెలాగుంది?"

రాత్రుళ్ళు ఆయన రాజు.
అట్ట కిరీటం, అద్దె మీసం.
నాకు పదేళ్ళు; పెట్రోమాక్సు దీపానికి
గాలి కొట్టే పని, కూలి అర్ధరూపాయి.
ఐదున్నర శ్రుతిలో హార్మోనియం కాచుకుని ఉంటే
పద్యం మూడో పాదం దాటి
పై షడ్జానికి ఎక్కేవాడు.
ఎక్కడమా అది? మెట్లే కనపడేవి కావు.
నేను గాలి కొట్టడం మరిచేవాణ్ణి, దీపం కుంగేది.
చీకటి పడ్డ సంగతి ఎవరికీ పట్టేది కాదు,
కంట్రాక్టరు ఒక్కడే వచ్చి నెత్తిన మొట్టేవాడు.
ముందు చాపల మీంచి "వన్స్ మోర్",
వెనక సైకిళ్ళకి ఆనుకున్న ఒరియావాళ్ళు "ఆఉ థరే".
చచ్చిపోయిన రాజు లేచి, దుమ్ము దులుపుకుని,
మళ్ళీ పాడి
మళ్ళీ చచ్చిపోయేవాడు.

గుణుపురం బండి కథ మీరు వినే ఉంటారు,
ఊరి చివర ఇంజను కూత పెడితే
ఆ కూతనే శ్రుతిగా పట్టుకుని
బండి కాశీనగరం దాటేదాకా రాగం దించలేదని.
అబద్ధం. నాటకం వేళకి బండే లేదు.
అయినా నేను ఎవరికీ అడ్డు చెప్పను.
ఆ అబద్ధంలో నేనూ కూర్చుని ఉన్నాను, రెండో వరసలో.

బరంపురం వాళ్ళు తమ గాయకుడే గొప్పంటారు.
అననీ. ఆయనకి ప్లేట్లున్నాయి, పతకాలున్నాయి.
మా వైకుంఠాన్ని రికార్డు కంపెనీ వాళ్ళు
మూడు నిమిషాల్లో ముగించమన్నారట.
"మూడు నిమిషాల్లో ఉప్పు కూడా కొలవను"
అని తిరుగు బండి ఎక్కేశాడు.

మాది కొమ్ము పని ఇల్లు.
సెగకి కొమ్ము మెత్తబడిన ఒక్క క్షణంలో
కొంగ మెడ వంచాలి.
ఆలస్యమైతే విరుగుతుంది, తొందరైతే
వంగినట్టే వంగి నిటారవుతుంది.
పని నాన్న నేర్పాడు. ఆ క్షణం ఎలా ఉంటుందో మాత్రం
వైకుంఠం గొంతు చెప్పింది.
ఇప్పటికీ, ఈ వణికే చేతులతో, వంచే ముందు
ఆయన మెడనరం తలుచుకుంటాను.

ఆఖరి నాటకం వంశధార ఇసుకలో.
ఉప్పు దుమ్మన్నారు, బీడీలన్నారు, ఎవరి దిష్టో అన్నారు.
మూడో పాదం దాటాడు.
నోరు తెరుచుకుంది, చెయ్యి లేచింది, నరం లేచింది,
గొంతు రాలేదు.
హార్మోనియం సనపల సీతన్న
ఆ మెట్టు మీద వేలు తియ్యకుండా
తిత్తి ఊదుతూనే ఉన్నాడు, ఎంతసేపో.
ఎవరూ దగ్గలేదు.
వెనక నుంచి ముసలి ఒరియా ఆయన ఒకడు
మెల్లగా, పక్కవాడికి చెప్పినట్టు,
"ఆఉ థరే" అన్నాడు.
వైకుంఠం కిరీటం తీసి
అటు తిరిగి దణ్ణం పెట్టాడు.

మా మనవడిది ఒరియా బడి.
మొన్న కొంగల్ని పెట్టెలో సర్దుతూ
లెక్కపెట్టరా అంటే "ఎకొ" అన్నాడు.
కాదురా,
అని గొంతు సవరించుకున్నాను.

"లా" దాకా వచ్చింది.