మూరకు రాని పూలు

శివరాత్రి వెళ్ళిన నాలుగో రోజు
బేరాలు చచ్చిపోతాయి.
జాగారం బాకీ తీర్చుకుంటూ ఊరంతా ఆవులిస్తుంది.
బ్రాడీపేట నాలుగో లైను మూల మీద
నా గంపలో కనకాంబరాలు
నీళ్ళు చిలకరించినకొద్దీ డీలాపడతాయి.

పక్కన నిమ్మకాయల మస్తాన్‌బీ అంది:
"ఫిరంగిపురం బస్సు కండక్టరు చెప్పాడు,
కొండవీడు దారిలో మోదుగులు పూసినయ్యంట.
ఆకు లేదంట. ఒట్టి పూలేనంట."
పాతికేళ్ళు పూలమ్మినదాన్ని,
పూలు చూడ్డానికి బస్సెక్కడమేంటని నవ్వా.
నవ్వుతూనే గంప మీద తడిగుడ్డ కప్పా.

నాకు పూలంటే తెల్లారుజామున మూడున్నర,
గోనెసంచి మూతి విప్పితే ముఖాన కొట్టే ఆవిరి,
కాటా ముల్లు, తడి దారం,
మోచేతి నుంచి నడివేలి కొస దాకా మూర.
ఏ పువ్వు ఏ కొమ్మన ఎటు తిరిగి పూస్తుందో
నన్నడిగితే చెప్పలేను.
సంచిలోకి రాకముందు వాటికో బతుకుందని
ఎప్పుడూ తోచలా.

పేరేచర్ల దాటాం.
కిటికీలోంచి ఎర్రగా కనిపించిందల్లా మోదుగే అనుకుని
మూడుసార్లు లేచి నిలబడ్డా.
మూడుసార్లూ మిరప కల్లమే.
బస్సంతా తుమ్మింది, డ్రైవరుతో సహా.
ఆ తర్వాత ధనియాల చేను తెల్లగా,
నల్లరేగడి మీద ఎవరో నూక ఆరబోసినట్టు.
ఒకాయన మామిడి కింద తలెత్తి నిలబడ్డాడు.
పూత చూసి మురుస్తున్నాడనుకున్నా.
"మంచుకు మాడిందేమోనని చూస్తన్నాడు"
అంది మస్తాన్‌బీ. ఆమె పుట్టిల్లు ఇటువైపే.

దిగి నడిచాం. చెప్పులకి పల్లేరుకాయలు.
మలుపు తిరిగాక
ఇద్దరికీ మాట ఆగిపోయింది.

కొండ మొదట్లో పది పన్నెండు చెట్లు,
వంకరటింకరగా, ముసలి మోకాళ్ళలాంటి కణుపులతో.
నల్ల ముఖమల్ తొడిమల్లోంచి
చిలకముక్కులు, చిలకముక్కులు,
కొమ్మ మీద కొమ్మ మీద కొమ్మ మీద.
గోరింకలు దూరి పోట్లాడుకుంటుంటే
టప్పున ఒకటి, ఆగి, టప్పున ఇంకొకటి.
వాసన చూశా. లేదు.
కనకాంబరానికి మాత్రం ఉందా, అమ్మడంలా!

అలవాటు చొప్పున నడుమున దోపిన దారం తీశా.
కాడ బిరుసు.
ముడి బిగిస్తే తెగింది, వదిలితే జారింది.
ఏడు పూలు పాడు చేశాక
మస్తాన్‌బీ దారం లాక్కుని
తన కొంగున ముడేసుకుంది.

మేకలు తోలుకొచ్చిన పిల్లాడు
"ఏం మందుకమ్మా?" అనడిగాడు.
"చూడ్డానికి" అన్నా.
చెట్టు వంక చూశాడు, మా వంక చూశాడు,
ఏదో దాస్తున్నారులే అన్నట్టు తలూపాడు.
వాడి మేక నా ఒళ్ళో పువ్వు తీసుకుని
కళ్ళు మూసుకుని నమిలింది.

నా తలలో పువ్వు పెట్టి తొమ్మిదేళ్ళు.
గంప ముందు కూర్చునేదాన్ని కదా,
అంత పూల మధ్య
ఎవరికీ కనపడదు ఆ ఖాళీ.
మస్తాన్‌బీకి ఎప్పుడు కనపడిందో!
కింద రాలినవాట్లో ఒకటి ఏరి, చీమ దులిపి,
నా చెవి వెనక దోపింది.
"ఇది పూలల్లో లెక్క కాదులే" అంది.
తీద్దామని లేచిన చెయ్యి
చెంప దాకా వెళ్ళి
చెమట తుడుచుకుని దిగింది.

తిరుగు బస్సులో అదే కల్లం, అవే తుమ్ములు.
అక్కడెక్కడో జారిపోయినట్టుంది. వెతకలా.
రాత్రి దువ్వుకుంటుంటే
దువ్వెన పళ్ళలో నల్లటి తొడిమ, మెత్తగా.

తెల్లారుజామున సంచి విప్పి
ఒక కనకాంబరం తీసి
దీపం కింద అటు తిప్పి, ఇటు తిప్పి,
ఎటు తిరిగి పూసి ఉంటుందా అని చూస్తుంటే
కాటా కుర్రాడు విసుక్కున్నాడు:
"తూకం ఆగిపోతంది పిన్నీ."