నలభై ఏడో పాదసూచిక

ముందే చెప్తున్నా, ఈ మాట నాది కాదు.
దస్తగిరి మేస్త్రీది కూడా కాదు.

ఎర్రగుంట్ల దాటి నిడుజువ్వి గనుల్లో
రెండేండ్లు తిరిగినా.
నాపరాయి పనోళ్ళ మాటలు నా పరిశోధన.
గడారి, సమ్మెట, ఉలి,
పలక లేపేటప్పుడు నలుగురూ కలిసి బిగబట్టే ఊపిరి,
అన్నిటికీ పేర్లు రాసుకున్నా.
నోటుబుక్కు అంచుల్లో దుమ్ము
ఇప్పటికీ దులిపితే రాలుతుంది.

రెండు పొరల నడుమ సన్నగా ఒక గీర ఉంటుంది.
గడారి మొన అక్కడ దూరితేనే
రాయి పలకలుగా లేస్తుంది.
దాన్నేమంటారో అడగడం మర్చిపోయినా.

తెల్లారితే అధ్యాయం ఇయ్యాల.
కడప హాస్టల్లో రాత్రి ఒంటిగంటా నలభై.
ఫ్యాను వేడిగాలే విసురుతా ఉంది.
యంత్రాన్ని అడిగినా.
తడుముకోలేదు.
"నిద్రరేఖ" అనింది.
"రాయి నిద్రలో ఒత్తిగిల్లిన చోటు కాబట్టి
గని కార్మికులు అలా పిలుస్తారు" అనింది.

ఎంత బాగుందో.
బాగుంది కాబట్టే నమ్మినా.

రామసుబ్బమ్మ మేడమ్ ఎర్ర పెన్నుతో
ఆ మాట చుట్టూ సున్న చుట్టింది.
"ఎవురు చెప్పినారు?"

నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నా.
ఆ పేజీలో మిగతా మాటలన్నిటి కిందా
ఒక మనిషి ఉండాడు.
షేక్ దస్తగిరి, అరవై రెండేండ్లు,
మూడో గని, మోటారు షెడ్డు నీడ, మధ్యాన్నం.
"తెలీదమ్మా" అని మూడుసార్లు అన్నది కూడా
రికార్డులో ఉంది.
యంత్రం ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు.

మరుసటి బస్సుకే పోయినా.
"నిద్రరేఖా?"
బీడీ పక్కకు తీసి నవ్వినాడు.
"మేం సందు అంటామమ్మా. సందు. అంతే."
సమ్మెట ఆనించుకుని నిలబడిన పిల్లోడు పుల్లయ్య
"ఇంకోతూరి చెప్పక్కా" అన్నాడు.
చెప్పినా.

అక్కడితో అయిపోయింటే
కొట్టేసి, సందు అని రాసుకుని, హాయిగా పడుకునేదాన్ని.

ఆరు నెలలకు
చిలంకూరు పక్క ఇంకో గని.
మునుపెన్నడూ చూడని పెద్దాయన
అరచేత్తో రాయిని నిమిరి, గడారి ఆనించి,
"ఇదో, నిద్దరగీర ఈడుంది" అన్నాడు.
"ఆ మాట యాడిదన్నా?"
"యాడిదేంది, మా తాతల కాడ్నుంచీ అంటాండాం."

రికార్డరు ఎర్రలైటు వెలుగుతానే ఉంది.
ఇప్పుడు నా దగ్గర వయసుంది, ఊరుంది, తేదీ ఉంది, గొంతుంది.
ఏ పరీక్షకుడూ సున్న చుట్టలేని సాక్ష్యం.
పుల్లయ్య ఆ ఎండాకాలం ఈ గనిలో కూలికొచ్చినాడని
నాకు తప్ప ఎవురికీ తెలీదు.

యూనివర్సిటీ సర్క్యులర్ తీసి చూసినా.
కంపెనీ పేరు రాయమన్నారు, వెర్షన్ రాయమన్నారు,
తేదీ రాయమన్నారు.
మాటను చంకనేసుకుని గనికి మోసినోళ్ళ పేరుకు
గడి లేదు.

మేడమ్‌కు అంతా చెప్పినా.
శానాసేపు కిటికీలోంచి బయటికి చూసింది.
"అడిగిన ప్రశ్న కూడా రాయి" అనింది.

అందుకే ఈ అడుగున, చిన్నక్షరాల్లో,

47. నిద్రరేఖ: యంత్రం పుట్టించిన మాట.
మార్చి పద్నాలుగు, రాత్రి 1.40.
అడిగిన ప్రశ్న: నాపరాయి పొరల నడుమ గీరను
గని పనోళ్ళు ఏమంటారు?
గనిలో దీని పేరు సందు. చెప్పినది: దస్తగిరి.
నిద్దరగీర అనే రూపం తర్వాత వినబడింది.
మోసుకుపోయినది: ఈ పరిశోధకురాలు.

బైండింగు అయిపోయింది. నల్ల అట్ట, బంగారు అక్షరాలు.

రేఖను గీరగా అరగదీసిన
ఆ మొదటి నాలుక ఎవురిదో మాత్రం
ఇంకా దొరకలేదు.
పుల్లయ్యను అడిగితే
"నేను కాదక్కా" అంటాడు.