పచ్చ టేపు

గుంతకల్లు పాతబస్టాండు వెనక
హుసేనప్ప అంగడి.
నా సైకిలుది పొట్టేలు కొమ్ముల హ్యాండిలు.
కొసల నుంచి నీలం పట్టీ చుట్టుకుంటూ
బ్రేకు పిడి కాడ ఎనిమిది అంకె తిప్పి
నడుమకొచ్చి ఆగినాడు.
కొసను బొటనవేలితో అదిమిపట్టి
"ఏం టేపు ఏద్దామన్నా?"

నల్లది వద్దు.
పోయిన మేలో ఎండకు జిగురు కారి
అరచేతులు బెల్లం పాకమైనాయి.
డ్యూటీ రిజిస్టర్లో సంతకం చేయబోతే
వేలిముద్ర పడింది.

ఆస్పత్రి ప్లాస్టరా?
బండికేమైందని దారంతా అడుగుతారప్పా.

ఎర్రది తీసినాడు.
లోకోషెడ్డులో ఇరవై రెండేండ్లుగా కరెంటు పని నాది.
ఎర్రంటే ఫేజు.
దాని మీద చెయ్యేసి నింపాదిగా తొక్కలేను,
వేలు దానంతటదే వెనక్కొస్తుంది.

నవ్వినాడు.
బొటనవేలు మాత్రం కదల్లేదు.

డబ్బా అడుగున, మేకుల కింద
సగం వాడిన పచ్చ టేపు, అంచుకంతా దుమ్ము.
పచ్చంటే ఎర్తు.
ఎంతొచ్చినా నేలకు పంపేసేది.

"అది చుట్టు."

సాగదీసి రెండు చుట్లు.
ఆఖరి అంగుళం మాత్రం లాగకుండా
ఊరికే అట్ల పడుకోబెట్టినాడు.
"లాగితే పగబడుతుందన్నా,
రాత్రికి లేచొస్తుంది."

నాకు తెలీని సంగతా?
వైర్లకు రోజూ నేను చేసేదే.
అయినా
కొత్తగా విన్నట్టు తలూపినా.

నీలానికి పచ్చ కలవలేదు.
కసాపురం రోడ్డు దాటేలోపల
రెండుసార్లు తడిమి చూసుకున్నా.