తొంభై తొమ్మిది సీసాలు

ఆల్ టైమ్ ఫేవరెట్ ఒక్కటి చెప్పు బాబాయ్
అన్నాడు మా కోల్డ్ స్టోరేజీలో కొత్తగా చేరిన క్రాంతి,
టిక్కీల లెక్క మధ్యలో ఆపి.

ఒక్కటంటే ఎట్టా?
నాకు ఆటల పేర్లు నిలవవు,
మిషన్ల నెంబర్లు నిలుస్తాయి.

అరండల్‌పేట పన్నెండో లైన్లో
జిలానీ భాయ్ నెట్ సెంటర్, గంట పదిహేను.
మూడో నెంబరు మిషన్‌కి ఎఫ్ కీ ఊడిపోయి ఉండేది.
దాని మీదే ఒక రాజ్యాన్ని
మట్టిగోడ నుంచి రాతికోట దాకా తెచ్చాను.
కలపకి నలుగురు, గోధుమకి ఆరుగురు,
రాయి కొట్టడానికి ఒక్కడే,
వాడికి సాంబయ్య అని నేనే పేరు పెట్టుకున్నా.
శత్రువు ఏనుగులతో వచ్చిన సాయంత్రం
కరెంటు పోయింది.
ఆ యుద్ధం ఇప్పటికీ గెలవలేదు, ఓడలేదు.

ఐదో నెంబరు కెజియాది.
ఆమెది కత్తి పట్టుకుని ఊళ్లు తిరిగే ఆట,
ఎదుటివాడు ఏదన్నా అడిగితే
నాలుగు జవాబుల్లో ఒకటి ఏరుకునే ఆట.
చూసి చూసి నేనూ మొదలెట్టా.
తేడా అంతా మందు సీసాల దగ్గరే.
చిన్న గీరు పడినా గటగటా తాగేసేది.
నేను దాచేవాణ్ణి.
తోడేలు కరిచినా దాచాను,
విషమెక్కి ఒళ్లంతా పచ్చగా మినుకుతున్నా
కుంటుకుంటూ ఊరు చేరి
సత్రంలో పడుకుని లేచాను, అది చవక గనక.
ముందు పెద్దదేదో వస్తుంది కదా.

నీ సంచేమన్నా కోల్డ్ స్టోరేజీనా అబ్బా, అనేది.
అప్పటికి మా నాన్న
ఏసీలో పెట్టిన మిర్చి రశీదులు పరుపు కింద దాచి
రేటు కోసం చూస్తున్నాడు.
మూడేళ్లు చూశాడు.
ఎరుపు దిగి, తాలు రేటుకి పోయింది.

పెద్దది వచ్చింది.
మంచుకోట, ఏడు తలలు, మారిన సంగీతం.
ఒక్క చుక్క ప్రాణంతో గెలిచాను.
సంచిలో మూత తియ్యని సీసాలు తొంభై తొమ్మిది.
తెర మీద ఎవరెవరివో పేర్లు పైకి పాకుతుంటే
కెజియా కుర్చీ తిప్పి చూసింది.
చప్పట్లు కొట్టలేదు.
ఇంకేం చేసుకుంటావ్ వాటిని, అంది.

ఇంకో సంగతి విను క్రాంతీ,
యుద్ధాల ఆటల్లో మ్యాపంతా మొదట నలుపు.
నడిచిన మేర వెలుగొస్తుంది.
వదిలి వెళ్తే మళ్లీ నల్లబడదు, బూడిదవుతుంది.
నువ్వు చివర చూసిందే కనపడుతుంటుంది.
అక్కడ ఇల్లు కూలినా, అడవి కొట్టేసినా
నీ మ్యాపులో నిలబడే ఉంటాయి,
మళ్లీ మనిషిని పంపేదాకా.

బ్రాడీపేటలో ఒక మేడమెట్ల కింద
లేతనీలం సైకిలు
నా మ్యాపులో ఇంకా గోడకి ఆనుకునే ఉంది.
లాడ్జి సెంటర్ దాకా రోజూ పోతాను.
బండి అటు తిప్పను.

జిలానీ భాయ్ షాపు ఎత్తేసేటప్పుడు
మూడో మిషన్ నాకే అమ్మాడు, పన్నెండొందలకి.
మొన్న మే నెల, యార్డు సెలవుల్లో
దుమ్ము దులిపి పాత సేవ్ తెరిస్తే
మనవాడు ఇంకా అక్కడే,
మంచుకోట గుమ్మంలో ఆవిరి వదులుతూ
పద్దెనిమిదేళ్లుగా నిలబడి.
లోపలికి పోనివ్వలేదు.
వెనక్కి తిప్పి మొదటి ఊరికి నడిపించాను.
అక్కడ బావి దగ్గర ఒక ముసలాయన
ఆట మొదట్నుంచీ దగ్గుతూనే ఉంటాడు.
ఒక సీసా ఇద్దామంటే
ఇవ్వు అనే మాట ఆ ఆటలో లేదు.
తాగు, అమ్ము, పారెయ్.
అంతే.

ఆయన పక్కనే కూచోబెట్టి
ఒంటి మీద దెబ్బే లేనివాడితో
ఒక్కొక్కటీ తాగించాను.
ఏ ఫలితమూ లేదు, అంది తెర.
రెండోదానికీ అదే మాట.
నలభై దాటాక కరెంటు పోయింది,
యూపీఎస్ కీచుమంటుంటే చెమటల్లో తాగిస్తూనే ఉన్నా.
చివరి సీసా దగ్గర
వేలు ఆగింది.
ఒకటి ఉంచాను.

పేరు చెప్పలేదింకా, అంటాడు క్రాంతి.
బయట లారీ హారన్ కొడుతోంది.
ముందు ప్రత్తిపాడు ఆయన రశీదు చూడు నాయనా.
ఇప్పుడు అమ్మాలా, ఇంకొన్నాళ్లు ఉంచాలా అంటే
నన్ను మాత్రం అడగొద్దని చెప్పు.