రేడియేటర్ల పసుపు

అత్తాపూర్ దాటినంక
పిల్లర్ నంబర్ నూట ఇరవై ఆరు కాడ
సూది ఎర్రగీత మీదికెక్కి కూసున్నది.
వెనక నలభై కిలోల బంతి,
ముందట తెల్లటి ఆవిరి.
ఆవిరికి వాసనుంటదని అప్పటిదాకా తెల్వదు నాకు.
పప్పు పోపు వాసన.
ఎవలింట్లనో ఎసరు పొంగినట్టు.

ఓమ్ని బండిల ఇంజిన్ మన కిందనే ఉంటది,
సీటు లేపితే తప్ప కనవడదు.
ఆరు నెలలు నేనూ బాలమణీ
నిప్పు మీద కూసోని
ఉల్లిగడ్డ ధర మాట్లాడుకుంట తిరిగినం.

లంగర్ హౌజ్ షెడ్డుల వహీద్ భాయ్ ఆయిల్ మూత ఇప్పిండు.
మూత వెనక
ఇరానీ హోటల్ సాసర్ల మిగిలిన చాయ్ రంగు.
'షక్ హై' అన్నడు.
నోరు షక్ అన్నది గాని కండ్లు ఖాయం జేసినయ్.

తెల్లారి, ఇంజిన్ ఇంకా సల్లగుండంగ,
డాక్టర్లు తొడిగే రబ్బరు గ్లౌజు
రేడియేటర్ మూతికి కట్టి
సెల్ఫ్ కొట్టమన్నడు.
చెయ్యి లేసింది.
మొదలు బొటనవేలు, తర్వాత మిగిలినయి,
రోడ్డు దాటే ముసలాయన బండ్లను ఆపినట్టు
నా ముంగట నిలవడ్డది.

హెడ్డుకూ బ్లాకుకూ నడుమ
అట్టముక్క అసుంటి రేకు ఒకటుంటదట,
నీళ్ళు నీళ్ళ తొవ్వల, ఆయిలు ఆయిలు తొవ్వల,
మంట మంట కాడనే ఉండేటట్టు.
అది కాలిందంటే
ఎవలింట్లకు ఎవలు జొరవడుతున్నరో లెక్కుండదట.
మరి పసుపేంది భాయ్ అంటే నవ్విండు.
'బొక్క పూడుతదని పోస్తరు. పాత హికమత్.
అమ్మేదాకా ఆగుతది.'

అయిలేష్‌కు ఫోన్ జేసిన.
నాగోల్ల బండి అమ్మినోడు,
కొబ్బరికాయ గూడ తనే కొట్టినోడు.
'తల్లితోడు, నేను పొయ్యలేదన్నా,
నాకు అమ్మినాయన పోసిండేమో.'
ఆయన వెనక ఇంకొకాయన.
ఆర్సీల నాకంటే ముందు నలుగురు.
ఎవలెవల వంటింట్ల డబ్బా ఎంత గీకిన్రో.

గాస్కెట్, హెడ్ ఫేసింగ్, కూలి గలిపి
పదకొండు వేలు,
హెడ్డు వంగకపోయి ఉంటే.
బామ్మర్ది చెవుల ఊదిండు:
ఇంకో చెంచెడు పొయ్యి బావా,
ఆదివారం షాద్‌నగర్ నుంచి కూరగాయలాయన వస్తుండు.

పోసిన. అబద్ధమెందుకు.
బాలమణి నిద్రవోయినంక డబ్బా తీసి,
టార్చి పండ్ల నడుమ వెట్టుకోని,
రెండు చెంచాలు.
గోర్లకు అంటిన పచ్చ కడిగితే పోలేదు.
పొద్దుగాల మార్కెట్ల బంతిపూల పచ్చతోని కలిసి
ఏది ఏదో నాకే తెల్వకుంటయింది.

మల్కయ్య వచ్చిండు, భుజం మీద ఎర్ర తువ్వాల.
టైర్లు తన్నిండు, తలుపులు కొట్టి చూసిండు,
లోపల కూసోని స్టార్ట్ జేసిండు.
పది నిమిషాలు గుక్క తిప్పుకోకుండ నడిచింది బండి.
అప్పుడు ముక్కు ఎగబీల్చి
'ఇంట్ల పప్పుకు పోపు వెట్టిన్రా?' అన్నడు
ఆశగ. బస్సు దిగినంక ఏం తిన్నట్టు లేడు.

అవునంటే అయిపోతుండె.
కని నవ్వొచ్చింది, ఎందుకో, ఆగలేదు.
'ఇంట్ల గాదు, ఇండ్ల'
అన్న, సీటు లేపి.

తిట్టలేదు.
చానాసేపు ఇంజిన్ దిక్కు చూసి
'మా ట్రాక్టర్ల గుడ్డు కొట్టి పోసినం ఒకపారి' అన్నడు.
పప్పన్నం తిని, చెయ్యి కడుక్కోని,
సాయంత్రం బస్సుకు పోయిండు.

బుధవారం రాణిగంజ్.
మేకుకు వేలాడే గాస్కెట్ తీసి ఇచ్చిండు షాపాయన.
ఇస్తరాకంత బరువు లేదు.
మూడు పెద్ద కంతలు, చుట్టూ చిన్నయి.
కండ్లకు అడ్డం వెట్టుకోని చూస్తే
ఒక కంతల సైకిల్ రిమ్ములు మోస్తున్న పిలగాడు,
ఇంకోదాంట్ల గోడ.
బేరమాడిన. ఇరవై తగ్గించిండు.

ఫోన్ల బాలమణి.
వచ్చేటప్పుడు పావుకిలో పసుపు తెమ్మన్నది,
డబ్బా ఎందుకో ఊకనే అడుగంటిందట.