రెండు వందల యాభై ఆరు

చీమకుర్తి, మే నెల, మధ్యాహ్నం రెండు.
మైకులో పడుతుందని ఫ్యాను ఆపాను.
తలుపు సందుల్లో దుప్పట్లు కుక్కాను.
గ్రానైట్ పొడి మాత్రం ఎలాగో లోపలికొచ్చి
ల్యాప్‌టాప్ మూత మీద కూచుంది.
పాట వినాలని దానికీ ఉందేమో.

సువార్తమ్మత్త హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది
అడ్డమొచ్చిన కొప్పును కిందికి జార్చుకుని.
ముప్పై ఏళ్లు చర్చిలో ముందు వరసన నిలబడ్డ గొంతు
మొదటి చరణంలోనే నడక తప్పింది.
ఆగింది. మళ్లీ ఎత్తుకుంది. మళ్లీ ఆగింది.
"నా గొంతు నా ఎనకాల వస్తందేందిరా, యోనా?
నేను దాని కోసం ఆగాల్నా, అది నా కోసం ఉరికిద్దా?"

సెకనులో ఇరవయ్యో వంతు, అత్తా.
వీధి మలుపులో బోరింగు దగ్గర నిలబడి
ఎవరో నీ గొంతుతో పాడుతుంటే
నీకిక్కడ వినబడినంత.
యాభై అడుగులు, అంతే.
అంతే అన్నాను గానీ
పాటలో యాభై అడుగులంటే పక్క ఊరు.

బఫర్‌ను వెయ్యిన్నీ ఇరవై నాలుగు నుంచి
అరవై నాలుగుకు దించాను.
గొంతు తిరిగొచ్చి పెదాల మీద వాలింది.
అత్త కళ్లు మూసుకుంది.
మూడో పాదం దాటకముందే
చెవుల్లో పోపు పెట్టినట్టు చిటపట.
ప్రాసెసర్ తొంభై ఆరు శాతం.
లోపలి ఫ్యాను, రాయి లారీ మొదటి గేరులో
క్వారీ గుంతలోంచి ఎక్కుతున్నట్టు.

దాని తప్పేముంది?
ఒంగోలు కర్నూలు రోడ్డులో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది.
తబలా, కీబోర్డు, తంబురా,
మా రేకుల గదిని రాతి చర్చిగా నమ్మించే రెవర్బు
అన్నీ దాని నెత్తికి ఎత్తింది నేనే.
ఊపిరి పీల్చుకోను దానికీ సందు కావాలి.
సందు ఇస్తే అత్త వెనకబడుతుంది,
ఇవ్వకపోతే అది రొప్పుతుంది.

మూడింటికి సైరన్ మోగింది. మైకు మ్యూట్.
నాన్న ఆ క్వారీలో ఎర్రజెండా మనిషి.
డ్యూటీ లేని రోజు నన్ను మిద్దె ఎక్కించి చూపించేవాడు.
ముందు దుమ్ము లేచేది, చప్పుడే లేకుండా,
ఎవరో దూరంగా బొంత దులిపినట్టు.
ఒకటి. రెండు. మూడు. నాలుగు.
అప్పుడు ధన్.
"రాయి ఎప్పుడో పగిలింది రా,
మనకే ఇప్పుడు తెలిసింది."

కిటికీ వణుకు ఆగాక
రెవర్బు తీసేశాను.
కీబోర్డునూ తంబురానూ ఫ్రీజ్ చేశాను.
వైఫై ఆపి, అప్‌డేట్ అడుగుతున్న పెట్టె నోరు మూశాను.
రెండు వందల యాభై ఆరు.
ఇప్పుడు పన్నెండు మిల్లీసెకన్లు,
పదమూడు అడుగులు,
ఈ గోడ నుంచి ఆ గోడకు.

"ఇంకా రవ్వంత ఉందిరా" అంది.
ఉంది.
నేను మళ్లీ మౌస్ పట్టుకునేలోగా
తనే ఎడమ చెవి మీది గిన్నె వెనక్కి నెట్టింది.
"ఈ చెవి నాకు. ఆ చెవి నీ మిషనుకి.
కానీ."

పాడింది.
నేను వినలేదు, నిజం చెప్పాలంటే.
డెబ్బై దగ్గర ఊగుతున్న మీటరునే చూస్తూ కూచున్నా.
రెండో చరణంలో ఒక్క ఆవగింజ చిట్లింది.

రాత్రి, కరెంటు వచ్చాక,
దాన్ని కోసేద్దామని వెతికి, పెద్దది చేసి, విన్నాను.
ఆవగింజ కాదు.
మైకు స్టాండుకు తగిలిన అత్త గాజు.
సరిగ్గా తాళం మీద.