ద్రాక్ష వాసన

మూత తీయకముందే తెలిసిపోతుంది.
ముప్పై ఏడు డిగ్రీల పెట్టెలో రాత్రంతా ఉండి
తెల్లారేసరికి పచ్చగా తేలిన పళ్లెం
ద్రాక్షతోట పక్కన బస్సు ఆగినట్టు ఉంటుంది.
వాసన చూడకూడదని చదువుకున్నాం.
ముక్కు ఏం చదువుకుంది?

చీటీ మీద: దేశమ్మ, నలభై ఆరు, ఎడమ పిక్క.
గుడిపాల దాటినాక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ,
ఆవిరి గొట్టం పగిలిన రోజు రాత్రి డ్యూటీ.
గుడ్డ విప్పుతా అడిగింది:
"ఇప్పుడు నొప్పే లేదు మా,
జొరం గూడా ఇడిసిపోయింది,
పన్లోకి పోవచ్చునా?"
ముప్పై ఎనిమిది రోజులుగా పుండు మాత్రం
తెరిచిన నోరు తెరిచినట్టే ఉండాది.

ఎట్లా చెప్పేది ఆమెకి,
జ్వరం తగ్గలేదు,
జ్వరం తెచ్చేవాళ్లు అలిసిపోయారని.

ఈ క్రిమి ఎప్పుడూ గోడలు బద్దలుకొట్టే పనే పెట్టుకోదు.
తిన్నది అరిగించుకుని
ఇంత తియ్యని అణువొకటి బయటికి వదుల్తుంది.
అది తెల్ల కణాల్లోకి పోయి
పొయ్యిలో మంట తగ్గిస్తుంది.
కణాలు చావవు.
కావలి కర్ర పట్టుకుని నిలబడే ఉంటాయి,
మింగే సత్తువ లేక
ఎదురొచ్చినదానికి కొంచెం పక్కకి జరిగి.
కొన్నాళ్లకి ఇద్దరికీ అలవాటవుతుంది.
ఆ అలవాటుకే మనం
నయం అని పేరు పెట్టుకుంటాం.

గొట్టం సంగతి అడిగాను.
తుప్పు పట్టి మూడేండ్లంట.
తనిఖీకొచ్చినాయన జీపులోకి
రెండు బుట్టలు బేనీషా, ఒక బుట్ట కాలేపాడు.
కాగితంలో అంతా బాగుండాదంట.
కోపంగా చెప్పలేదు దేశమ్మ,
నిన్న పలమనేరులో వాన పడిందని
చెప్పినట్టు చెప్పింది.

కొత్త పళ్లెం మీద క్రిమిని పరిచి
మందు బిళ్లలు అద్దాను.
దేని చుట్టూ ఖాళీ గుండ్రం పడుతుందో
రేపు స్కేలు పెట్టి కొలవాలి.
ఒకటైనా పడుతుంది.
పడాలి.

చేతులు రెండుసార్లు కడిగాను.
సబ్బు మీదుగా మళ్లీ అదే తీపి.
ఫ్రిజ్ వెనక, మూలన,
పోయిన వారం ఆ ఫ్యాక్టరీ మేనేజరు పంపిన
అట్టపెట్టె ఇంకా ఉంది,
"ల్యాబ్ స్టాఫ్‌కి" అని స్కెచ్ పెన్నుతో.
అప్పటికి దేశమ్మ ఎవరో తెలీదు నాకు.
నాలుగు కాయలు నేనే తిన్నాను.
చెయ్యి కడుక్కుని మరీ
టెంక కూడా చీకాను.